వేసిన గడియ ఎవరు తీశారు?

2024 జూలై 19, శుక్రవారం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కొందరు ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. పేరు, ఫ్లైట్ నంబరు, సీటు, అన్నీ పెన్నుతోనే. చాలామంది వాటిని ఫోటో తీసి పంచుకున్నారు. ఎర్రబస్సు టికెట్ రోజులు గుర్తొచ్చాయని నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రపంచమంతటా కంప్యూటర్లు కుప్పకూలిన ఆ రోజు హైదరాబాదుకు మిగిల్చిన జ్ఞాపకం అది.

మన టైం ప్రకారం ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సెక్యూరిటీ కంపెనీ తన కస్టమర్ల మెషీన్లకు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో తప్పుందని తెలిసి 10 గంటల 57 నిమిషాలకు వెనక్కి తీసుకుంది. ఆ గంటా పద్దెనిమిది నిమిషాల్లోనే జరగాల్సింది జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. 21 విలువలు ఉండాల్సిన చోట 20 మాత్రమే ఉన్నాయి. లేని ఆ 21వ దాన్ని చదవబోయి ప్రోగ్రాం బోల్తా పడింది. బాగుచేయడానికి చాలా చోట్ల ఒక్కో మెషీన్ దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

ఇదంతా పేపర్లలో వచ్చింది. అంతగా చర్చకు రాని సంగతి ఇంకొకటుంది. జాగ్రత్తపరులైన అడ్మిన్లు చాలామంది క్రౌడ్‌స్ట్రైక్ సెట్టింగుల్లో ముందే ఒక నిర్ణయం తీసుకుని ఉన్నారు: తాజా వెర్షన్ మాకు వద్దు, దానికంటే ఒకటో రెండో వెనకదే చాలు. ముందు వేరేవాళ్లు వాడి చూడనీ, తర్వాత మనం వేసుకుందాం అన్న మామూలు ఇంగితం. వాళ్ల మెషీన్లూ పడిపోయాయి. ఎందుకంటే ఆ సెట్టింగు అసలు ప్రోగ్రాం వెర్షన్లకే వర్తిస్తుంది. కొత్త దాడులను పసిగట్టడానికి వెంటవెంటనే పంపే సమాచార ఫైళ్లకు వర్తించదు. ఆ రోజు వచ్చింది ఆ రెండో రకం. తలుపుకు గడియ వేశామనుకున్నారు. ఇంటికి ఇంకో తలుపుందని, దానికి తమ వైపు గడియే లేదని ఆ రోజు తెలిసింది.

మనం ఆలోచించి పెట్టుకున్న సెక్యూరిటీ సెట్టింగును దాటుకుని అప్‌డేట్ లోపలికి రావడం అప్పుడే మొదలు కాదు. దీనికి ఒక చరిత్ర ఉంది. మనలాంటి చదువరులకు దగ్గరగా ఉండే చరిత్ర అది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం వెబ్‌సైట్లు నడిపే చోట జరిగింది.

*

వర్డ్‌ప్రెస్ గురించి పెద్దగా పరిచయం అక్కర్లేదు. 2003లో పుట్టింది, ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. ఇవాళ వెబ్‌లో పదింట నాలుగు సైట్లకు పైగా దానిమీదే నడుస్తున్నాయి. పొద్దంతా ఉద్యోగం చేసుకుని రాత్రిపూట పత్రిక నడిపే ఇద్దరు ముగ్గురు స్నేహితులకు సర్వర్ మీద ఇల్లు కట్టుకునే వీలు ఇచ్చింది అదే.

దానిలో ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే పెరటి తలుపు ఒకటుంది. సైట్‌లోకి బ్రౌజర్ నుంచి లాగిన్ కాకుండా, వేరే ప్రోగ్రాం నుంచో ఫోన్ యాప్ నుంచో రాత పంపడానికి పనికొచ్చే దారి. సౌకర్యమే, కానీ పెరటి తలుపులకు ఉండే బెడద దీనికీ ఉంది. 2008 ఫిబ్రవరిలో వచ్చిన 2.3.3 వెర్షన్ ఈ తలుపులో దొరికిన ఒక లోపాన్ని సరిచేయడానికే వచ్చింది. ఆ లోపం వల్ల సైట్‌లో ఖాతా ఉన్న ఎవరైనా ఇంకొకరి రాతలను మార్చగలిగేవారు. అదే ఏడు జూలైలో 2.6 వచ్చినప్పుడు వర్డ్‌ప్రెస్ వాళ్లు మంచి పని చేశారు. కొత్తగా పెట్టే సైట్లలో ఆ తలుపు మూసే ఉంటుంది, కావాల్సినవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి టిక్ పెట్టి తెరుచుకోవచ్చు అన్నారు. నిర్ణయం అడ్మిన్ చేతికి వచ్చింది.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఈలోగా స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. ఫోన్ యాప్ దింపుకుని సైట్ అడ్రస్ ఇస్తే పనిచేయదు, ఎందుకంటే తలుపు మూసి ఉంది. దాన్ని ఎక్కడ తెరవాలో మామూలు వాడకందారుకు తెలియదు. అది నిజమైన ఇబ్బందే. 2012 డిసెంబర్ 11న వచ్చిన 3.5 వెర్షన్‌లో దీనికి ఒక పరిష్కారం చూశారు. తలుపు డిఫాల్ట్‌గా తెరిచే ఉంటుంది, సెట్టింగుల పేజీలో ఆ టిక్ పెట్టె ఇక ఉండదు. కోడ్ ఇప్పుడు బాగుపడింది, మిగతా వర్డ్‌ప్రెస్ కంటే ఇందులో ప్రమాదం ఎక్కువేమీ లేదన్నది వాళ్ల వాదన.

కొత్త సైట్ల సంగతి సరే. పాత సైట్లో తలుపు మూసి ఉంచినవాళ్ల గతి ఏంటి? అప్‌డేట్ అయ్యాక వాళ్ల తలుపూ తెరుచుకుంది. మళ్లీ మూయాలంటే ప్లగిన్ వెతుక్కోవాలి, లేదా కోడ్‌లో ఒక లైను రాయాలి. మామూలు అడ్మిన్‌కు ముందు ఒక టిక్కుతో అయిన పని ఇప్పుడు ప్రోగ్రామర్ పని అయింది.

ఇక్కడ గమనించాల్సిన ముచ్చట ఒకటుంది. అదే 3.5 వెర్షన్‌లో ఇంకో పాత సౌకర్యాన్ని కూడా తప్పించారు. సైట్ పక్కన మనకిష్టమైన బ్లాగుల జాబితా పెట్టుకునే లింక్ మేనేజర్ అది. తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో పక్క పట్టీలో కనిపించిన మిత్రుల జాబితాలు గుర్తున్నవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. కానీ దాన్ని తీసేసేటప్పుడు ఎంతో మర్యాద పాటించారు. అప్‌డేట్ నడిచేటప్పుడు డేటాబేస్‌లోకి తొంగిచూసి, లింకులు ఏమైనా దాచుకుని ఉంటే ఆ సైట్‌లో లింక్ మేనేజర్‌ను అలాగే ఉంచారు. లేనివాళ్లకే కనపడకుండా చేశారు. స్నేహితుల జాబితాను గుర్తుపెట్టుకున్న అప్‌డేట్ తలుపు గడియను మాత్రం గుర్తుపెట్టుకోలేదు.

ఎందుకలా? వాళ్లకు దురుద్దేశం ఉందని నేననుకోను. లింకులుంటే, ఎవరో పనిగట్టుకుని చేర్చారని వాటిని చూస్తేనే తెలుస్తుంది. గడియ అలా కాదు. డేటాబేస్‌లో ఉండేది ఒక సున్నా. ఆ సున్నాను రాత్రి రెండింటిదాకా కూర్చుని, దాడుల గురించి చదివి, ఆలోచించి పెట్టిన అడ్మిన్ ఉండొచ్చు. ఆ పేజీ ఎప్పుడూ తెరవకుండా, వచ్చింది వచ్చినట్టు వదిలేసిన అడ్మినూ ఉండొచ్చు. సున్నా రెండు చోట్లా ఒకటే. సాఫ్ట్‌వేర్ జవాబును దాచుకుంటుంది, ఆ జవాబు ఎవరు, ఎందుకు ఇచ్చారన్నది దాచుకోదు. ఈ చరిత్ర మొత్తంలో అసలు చిక్కు ఇదేనని నాకనిపిస్తుంది.

మన ఆఫీసు ఫైళ్లను ఎంత తిట్టుకున్నా, వాటిలో ఉత్తర్వుతో పాటు నోట్ కూడా ఉంటుంది. ఎవరు ప్రతిపాదించారు, ఎందుకు, ఎవరు సంతకం పెట్టారు. కొత్త ఆఫీసరు వచ్చినా ఆ నోట్ చదివాకే మార్చాలి. సాఫ్ట్‌వేర్ ఉత్తర్వును ఒక్కటే ఉంచుకుని నోట్ చించేసింది.

తలుపు తెరిచి ఉండటం వల్ల నష్టమేంటో మూడేళ్లలో తెలిసింది. ఈ దారిలో ఒకే అభ్యర్థనలో చాలా పనులు కలిపి పంపే వీలుంది. 2015 అక్టోబర్‌లో సుకురి అనే సెక్యూరిటీ కంపెనీ బయటపెట్టిన విషయం: దాడి చేసేవాళ్లు ఒక్క అభ్యర్థనలో వందల పాస్‌వర్డ్‌లు కుక్కి పంపి చూస్తున్నారు. ముందు తలుపు దగ్గర మూడుసార్లు తప్పితే ఆపే కాపలా పెట్టుకున్న సైట్లకు కూడా ఇది ఒక్క తట్టులాగే కనపడుతుంది. ఆ డిసెంబర్‌లో వచ్చిన 4.4లో దీనికి అడ్డు వేశారు. మొదటి పాస్‌వర్డ్ తప్పితే ఆ అభ్యర్థనలో మిగతావీ చెల్లవు. అయితే, 2012లో తన గడియ పోయిందని తెలియని అడ్మిన్ ఆ మూడేళ్లూ పెరటి తలుపు మూసే ఉందనుకుని పడుకుని ఉంటాడు.

*

ఇంతవరకు చదివితే అప్‌డేట్లు పంపేవాళ్లదే తప్పు అనిపించవచ్చు. కథ అంత సూటిగా లేదు.

2013 అక్టోబర్‌లో వచ్చిన 3.7 నుంచి వర్డ్‌ప్రెస్ చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లను తనంతట తానే వేసుకోవడం మొదలుపెట్టింది. అడగదు. ఆపాలంటే కాన్ఫిగరేషన్ ఫైల్లో లైను రాయాలి. అప్పుడు చాలామంది గొణిగారు, నా సైట్ మీద నీ పెత్తనమేంటని. మూడేళ్ల తర్వాత ఆ పెత్తనం విలువ తెలిసొచ్చింది. 2017 జనవరి 26న 4.7.2 వచ్చింది. ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండానే సైట్‌లోని రాతను మార్చేయగల లోపాన్ని అది మూసింది. ఆ సంగతిని వారం పాటు బయటికి చెప్పలేదు. ముందు సైట్లన్నీ వాటంతటవే బాగుపడనిచ్చి, ఫిబ్రవరి 1న ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే వెబ్ అంతటా పేజీలు చెరిపి తమ పేర్లు రాసుకున్న గుంపులు బయల్దేరాయి. దెబ్బతిన్నవి అప్‌డేట్ అందుకోని సైట్లు. వాటిలో ఆటోమేటిక్ అప్‌డేట్ వద్దని ఆపుకున్నవీ ఉన్నాయి.

అదే ఏడు మే నెలలో మన దగ్గరే ఇంకో పాఠం. వన్నాక్రై అనే పురుగు ప్రపంచం మీద పడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని తాళం పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు యూనిట్లు ఇబ్బంది పడ్డాయి. ఆ పురుగు దూరే కంతను మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, ఇచ్చింది. అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లోకి ఆ కంత గుండా దూరడం దానికి సాధ్యం కాదు.

కాబట్టి, నీ సెట్టింగు నువ్వు చూసుకో, మేం జోక్యం చేసుకోం అనడం కూడా న్యాయం కాదు. చూసుకునే తీరిక, తెలివిడి అందరికీ ఉండవు. చూసుకోనివాడి సైట్ వాడితోనే ఆగదు. దాన్ని పట్టుకుని పక్కవాడి మీద దాడి చేస్తారు.

ఈ చిక్కును తలచుకున్నప్పుడల్లా నాకు బాసర గుర్తొస్తుంది. గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి గుడిలో అక్షరాభ్యాసం తెలంగాణలోనే కాదు, పక్కన మరాఠ్వాడాలోనూ తెలియనివాళ్లుండరు. వసంత పంచమి నాడైతే క్యూలో నిలబడలేం. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని రాయిస్తారు. రాసింది పిల్ల కాదు, పట్టుకున్న చెయ్యి. ఎవరూ దాన్ని పెత్తనం అనరు, అనకూడదు కూడా. అదే బాసరలో ఆర్‌జీయూకేటీ క్యాంపస్ ఉంది. 2008లో పెట్టిన యూనివర్సిటీ అది. పదో తరగతి పాసైన ఊరి పిల్లలు ఆరేళ్లు అక్కడే ఉండి, ల్యాప్‌టాప్ మీద చదువుకుని ఇంజినీర్లై బయటికొస్తారు. గుడికీ క్యాంపస్‌కీ మధ్య దూరం ఎంతో లేదు. కానీ గుడిలో వేలు పట్టి రాయించిన పిల్ల క్యాంపస్ నుంచి పట్టా పుచ్చుకుని ఏదో ఒక సర్వర్‌కు అడ్మిన్ అయ్యాక, చెప్పకుండా ఆమె చేయి పట్టుకుని రాయిస్తే అది వేరే పని అవుతుంది.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల కష్టం ఏంటంటే, తీగకు అవతలి వైపు ఉన్నది ఆ ఇద్దరిలో ఎవరో వాళ్లకు కనపడదు. కనపడేది మళ్లీ ఆ సున్నాయే.

*

2020 అక్టోబర్‌లో ఈ కథలో రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగాయి. ఒకటి న్యాయాన్ని, రెండోది భయాన్ని చూపిస్తాయి.

మొదటిది లోగినైజర్ అనే ప్లగిన్ సంగతి. పది లక్షలకు పైగా సైట్లలో ఉండేది. దాని పనే లాగిన్ దగ్గర కాపలా కాయడం. ఆ కాపలావాడిలోనే డేటాబేస్‌లోకి దూరగల లోపం దొరికింది. వర్డ్‌ప్రెస్ సెక్యూరిటీ బృందం దాని సవరణను సైట్లన్నిటికీ బలవంతంగా పంపింది. ప్లగిన్ల ఆటో అప్‌డేట్ ఆపుకున్నవాళ్ల సైట్లలోనూ అది దిగింది. మేం ఆపేశాం కదా, ఎలా వచ్చిందని వాళ్లు అడిగారు. 3.7 నుంచి తమ చేతిలో ఈ వీలు ఉందని, ఇంతకు ముందూ వాడామని జవాబు వచ్చింది. చేసిన పని మంచిదే. కానీ డాష్‌బోర్డులోని ఆ స్విచ్ తన పరిధి ఎంతో ఎవరికీ చెప్పలేదు. ఆపివేయబడింది అని రాసి ఉంటే, ఎవరైనా పూర్తిగా ఆగిందనే అనుకుంటారు.

రెండోది అక్టోబర్ 30న. 5.5.2లో కొత్త సైట్లు పెట్టడానికి అడ్డొచ్చే తప్పు దొర్లింది. దాన్ని సరిచేసే హడావిడిలో, ఇంకా తయారుకాని 5.5.3 ఆల్ఫా వెర్షన్ కొన్ని సైట్లకు దానంతటదే వెళ్లిపోయింది. పోతూపోతూ ఆ అడ్మిన్లు అడగని పాత థీములు, ఒక ప్లగిన్ కూడా లోపల పెట్టి వెళ్లింది. పెద్ద నష్టమేమీ జరగలేదు, త్వరగానే సర్దారు. కానీ ఒక్క చోట చేయి జారితే ఇన్ని ఇళ్లలోకి వస్తువు వచ్చి పడుతుందని ఆ రోజు కళ్లకు కట్టింది. అదే చేయి నాలుగేళ్ల తర్వాత వేరే కంపెనీలో జారింది. ఈసారి ఆగింది విమానాలు.

ఇలా పేర్చి చూస్తే అప్‌డేట్ మన నిర్ణయాన్ని మూడు రకాలుగా దాటుతుందని తెలుస్తుంది. మరిచిపోయి దాటడం 2012లో జరిగింది. నీ మేలుకేనని తెలిసే దాటడం లోగినైజర్ విషయంలో జరిగింది. నీ సెట్టింగు దీనికి వర్తించదంటూ పక్కనుంచి దాటడం క్రౌడ్‌స్ట్రైక్ విషయంలో జరిగింది. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మరిచిపోయేదానికి జ్ఞాపకం కావాలి, మేలు చేసేదానికి చెప్పి చేసే మర్యాద కావాలి, పక్కనుంచి వచ్చేదానికి స్విచ్ మీద దాని హద్దు స్పష్టంగా రాసి ఉండాలి. క్రౌడ్‌స్ట్రైక్ 2024 జూలై చివర్లో తన నివేదికలో ఒప్పుకున్నది కూడా దాదాపు ఇదే. ఆ సమాచార ఫైళ్లను ఇకనుంచి అంచెలంచెలుగా పంపుతామని, ఎప్పుడు, ఏ మెషీన్లకు దిగాలో కస్టమర్లే ఎంచుకునే వీలిస్తామని చెప్పింది. అంటే రెండో తలుపుకూ గడియ. 85 లక్షల మెషీన్లు పడ్డాక.

రికార్డులు కొత్త పద్ధతికి మారేటప్పుడు ఒక గడి రాలిపోతే ఏమవుతుందో తెలంగాణలో వేరేగా చెప్పనక్కర్లేదు. పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు కాలం ఉండేది. 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణిలో అది లేకుండా పోయింది. ఆ కాలం వల్లే తగాదాలని అప్పటి ప్రభుత్వం వాదించింది. ఉండాలా వద్దా అన్న వాదన వేరు. కానీ కాలం లేకపోతే అందులో రాసి ఉన్న మనిషి ఉన్నట్టు చెప్పుకునే చోటే లేకుండా పోతుంది. 2012లో మాయమైన ఆ టిక్ పెట్టె దానితో పోలిస్తే చాలా చిన్నది. కానీ జాతి ఒకటే: గడి తీసేసినవాళ్లకు అది డిజైన్ మార్పు, అందులో ఏదో రాసుకున్నవాళ్లకు రాసుకున్నది పోవడం.

ఇది సాహిత్య పత్రికలో ఎందుకంటే, ఈ తరం తెలుగు సాహిత్యం చాలావరకు సర్వర్ల మీద బతుకుతోంది కాబట్టి. 'ఈమాట' 1998లో మొదలైంది. ఆ తర్వాత ఎన్నో వెబ్ పత్రికలు వచ్చాయి, కొన్ని నడుస్తున్నాయి, కొన్ని ఆగాయి. అచ్చులో ఎప్పుడూ రాని కథలు, కవితలు, వాటి కింద నడిచిన వాదాలు అక్కడే ఉన్నాయి. వాటిని కాపాడేది జీతం లేని ఒకరిద్దరు అడ్మిన్లు. కొన్ని చోట్ల ఆ మనిషి మారిపోయి, పాస్‌వర్డ్ ఒక్కటే చేతులు మారి ఉంటుంది. పాత అడ్మిన్ ఏ గడియ ఎందుకు వేశాడో కొత్త అడ్మిన్‌కు తెలియదు. సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు.

సాఫ్ట్‌వేర్ ఎప్పటికి నేర్చుకుంటుందో చెప్పలేం. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఏ సెట్టింగు మార్చినా, ఎక్కడో ఒక చోట, మామూలు తెలుగులో, తేదీ వేసి ఒక వాక్యం రాసిపెట్టుకోవడం: ఫలానా తలుపు మూశాం, ఫలానా కారణానికి. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి, ఒక్కో గడియ దగ్గరికీ వెళ్లి చూసుకోవడం. సున్నా చెప్పలేని మాటను ఆ వాక్యం చెబుతుంది. గడియ వేసిన మనిషి వెళ్లిపోయినా, తర్వాత వచ్చినవాళ్లకు అది ఎవరో ఆలోచించి వేసిందేనని తెలుస్తుంది.